కమిలిన చారలు

రమీజాకి అవుననో కాదనో మనోజ్ఞ ఆ శుక్రవారం సాయంత్రంలోగా చెప్పెయ్యాలి. ఆదివారం నుంచే శిక్షణ. కార్లలో పసిపిల్లల సీట్లు సరిగ్గా బిగించారో లేదో చూసి, తప్పుంటే సరిచేసి, తల్లిదండ్రులకి ఎలా బిగించుకోవాలో నేర్పే టెక్నీషియన్‌గా శిక్షణ చివర్న సర్టిఫికెట్ ఇస్తారు. మనోజ్ఞకి ఆ పని మీద మనసు పడింది. మొగుడు నిరంజన్‌కి మాత్రం ఆ మాట ఎత్తితేనే ఒళ్ళు మండిపోతోంది. విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టుగా నలుగురిలో పేరు తెచ్చుకున్నదానివి, దోహా వచ్చి పార్కింగుల్లో మోకాళ్ళ మీద కూర్చుని బెల్టులు బిగిస్తావా అని, పోయిన వారం అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మొగుడికి అంత కోపం ఎందుకొచ్చిందో ఎంత ఆలోచించినా మనోజ్ఞకి అంతుపట్టలేదు.

ఎటూ తేల్చుకోలేకే ఆ ఉదయం అబూ హమూర్‌లోని మాల్‌కి బయల్దేరింది. అక్కడ సెల్లారు పార్కింగులో రమీజా వాళ్ళ బృందం వచ్చినవాళ్ళ కార్లలో సీట్లు ఉచితంగా పరీక్షిస్తారు. ఇంకొక్కసారి ఆ పని దగ్గరుండి చూస్తే మనసు ఏదో ఒక పక్కకి ఒరుగుతుందనుకుంది. ఇంకో పని కూడా ఉంది. కూతురు అమ్ముకి చిన్నప్పుడు వాడిన సీటు బాల్కనీలో దుప్పటి చుట్టి పడుంది. దాన్ని సుమలతకి ఇస్తానని ఒప్పుకుంది. ఇచ్చేముందు రమీజాకి ఒకసారి చూపిస్తే మంచిది కదా.

సుమలతది జగిత్యాల. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక బ్యూటీపార్లర్‌లో పనిచేస్తుంది. మొగుడు రాజేందర్ క్రేన్ ఆపరేటర్. ఆమెకి నెలలు నిండుతున్నాయి. పార్లర్‌లో జుట్టు కత్తిరించుకుంటూ మొదలైన పరిచయం, అక్కా అక్కా అంటూ ఇంటిదాకా వచ్చేసింది. మనోజ్ఞ వెళ్ళేసరికి సుమలత అప్పటికే వచ్చి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రమీజా కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పుట్టబోయే బిడ్డకి సీటు వస్తోందని మొహం వెలిగిపోతోంది.

రమీజాది కర్నూలు. ఎమర్జెన్సీ వార్డులో చాలాకాలం నర్సుగా చేసి, అక్కడికొచ్చే పిల్లల్ని చూడలేక ఈ పనిలోకి మారిన మనిషి. మాట తక్కువ. సీటు చూడగానే దాన్ని బల్ల మీద బోర్లించి, బట్ట తొడుగు విప్పేసింది. టార్చి వేసి ఒక్కో గాడిలోకీ తొంగి చూసింది. ఒకచోట ఆగిపోయింది. వేలితో రుద్దింది. మళ్ళీ చూసింది.

ఒక సీటు చూడ్డానికి ఆమె ఇంతసేపు ఎప్పుడూ తీసుకోలేదని మనోజ్ఞ అనుకుంటూ ఉండగానే, ఇక్కడ చెయ్యి పెట్టి చూడమంది రమీజా.

కారు బెల్టు దూర్చే గాడి పక్కన నల్లటి ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి ఉంది. స్కేలుని వంచి వదిలేస్తే మడత దగ్గర తెల్లబడుతుందే, అలాగ. ఆ తెలుపు చివర వెంట్రుకంత పగులు. లోపల తల ఆనే చోట థర్మోకోల్ నిలువునా చీలింది. పాప భుజాల మీద నుంచి వచ్చే పట్టీల అంచులు ఇస్త్రీపెట్టె తగిలి కాలినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఈ సీటు ఎవరిదగ్గరైనా పాతది కొన్నావా అని అడిగింది రమీజా. లేదంది మనోజ్ఞ. అమ్ము కడుపులో ఉండగా మనోజ్ఞ తల్లి డబ్బు పంపితే, షాపులో తనే నిలబడి, సీలు తీయని పెట్టె కొన్నది. వేరేవాళ్ళు వాడలేదు. తమ కారులో తప్ప ఇంకే కారులోనూ పెట్టలేదు.

"మీ బండి ఎన్నడన్న దేన్కన్న గుద్దుకున్నదా అక్కా?" అంది సుమలత కుర్చీలోంచే.

లేదు, ఎప్పుడూ లేదు అని మనోజ్ఞ నవ్వింది కూడా. నిరంజన్ నెమ్మదిగా నడుపుతాడని స్నేహితులంతా ఎగతాళి చేస్తారు.

రమీజా నవ్వలేదు. టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది.

"గుద్దింది మనోజ్ఞా. కారు దేన్నో గట్టిగానే గుద్దింది. ఆ టైంలో ఇది ఖాళీగా లేదు. ఖాళీ సీటు పట్టీలు ఇట్లా సాగవు. ఇందులో బిడ్డ ఉంది."

సెల్లారులో ఎక్కడో ఒక కారు రివర్సు చేస్తుంటే బీప్ బీప్‌మని మోగుతోంది. మనోజ్ఞ బుర్ర రమీజా మాటని లోపలికి రానివ్వడం లేదు. ఏదో పొరపాటు జరిగిందనీ, బాల్కనీలో ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుందనీ చెప్పబోయింది. ఖతార్ ఎండ అంతపనీ చేస్తుందని రమీజా ఒప్పుకుంది గానీ, ఎండ పట్టీల్ని సాగదీయదంది. ఎండకి రంగు పోతుంది, ఇలా ఒకే చోట గీత పడదంది. ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. కారు ఆగిపోతుంది, లోపలున్న బిడ్డ మాత్రం ముందుకి విసురుగా పోతుంది, అప్పుడు ఆ బరువంతా ఈ రెండు పట్టీలే కాస్తాయి అంటూ తన భుజాల మీద రెండు చేతులతో అడ్డంగా గీసి చూపించింది.

ఆ చేతులు మెడకి అటూ ఇటూ ఆగిన చోటు చూడగానే మనోజ్ఞ ఒళ్ళు చల్లబడిపోయింది.

"మచ్చలు పడతాయా?" అంది. తన గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ అడిగింది. "భుజాల మీద, రెండు పక్కలా, మచ్చలు పడతాయా?"

"పడతాయి. వార్డులో ఆ చారలు కనిపిస్తే మేము అల్లాకి శుక్రియా చెప్పుకునేవాళ్ళం. బెల్టు బిడ్డని పట్టుకుందని అర్థం."

మనోజ్ఞ బల్ల అంచు పట్టుకుంది. సుమలత బరువుగా లేచి వచ్చి, తను కూర్చున్న కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది. ఏమైందక్కా అని అడిగితే ఏమని చెప్పాలి?

ఆ రెండు చారల్నీ మనోజ్ఞ ఇదివరకే చూసింది. అమ్ముకి అప్పటికి ఏడాదిన్నర. ఖతార్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్ష ఆరోజే రాసి వచ్చింది. పేపరు బాగా రాశానని ఊపులో ఉంది. వచ్చీరాగానే పాపకి తనే నీళ్ళు పోస్తానని చొక్కా విప్పింది. తెల్లటి భుజాల మీద మెడకి చెరోపక్కా ఎర్రగా కమిలిన చారలు. రెండు చేతులతో పిల్లని గట్టిగా పట్టుకుని కుదిపేస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. మనుషుల ఒంటి మీద దెబ్బలు చూసి ఏది ఎలా తగిలిందో చెప్పడం మనోజ్ఞకి చదువులో భాగం. ఆ చదువుతోనే, ఆ క్షణంలోనే, ఇవి మనిషి వేళ్ళ గుర్తులని తేల్చేసింది.

తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది కనీజ్. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చి, అమ్ము పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోనే ఉంటూ పాపని పెంచిన మనిషి. ఏం చేశావు నా బిడ్డని అని మనోజ్ఞ అరిచింది. ఆ అరుపు పక్క ఫ్లాటుకి కూడా వినపడింది. కనీజ్ తలెత్తి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో నిరంజన్ నిలబడి ఉన్నాడు. కనీజ్ తల దించేసుకుంది. నేను కొట్టలేదు మేడం అని మాత్రం అంది, ఇంకేం అనలేదు. ఆ వారం తిరక్కుండా ఆమెకి టికెట్టు కొని హైదరాబాద్ పంపించేశారు. పరీక్ష ప్యాసైంది, ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, మనోజ్ఞ వెళ్ళలేదు. ఇంక పాపని ఎవరి చేతుల్లోనూ పెట్టనని ఒట్టేసుకుంది. అప్పట్నుంచీ ఇంట్లోనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఇప్పుడు తట్టింది. కనీజ్ వెళ్ళిన కొన్నాళ్ళకే నిరంజన్ ఆఫర్‌లో వచ్చిందంటూ అమ్ముకి కొత్త సీటు పట్టుకొచ్చాడు. పాతది పారెయ్ అన్నాడు. అమ్మ కొనిచ్చింది, పారెయ్యడం ఎందుకని మనోజ్ఞే దుప్పటి చుట్టి బాల్కనీలో పెట్టింది. పారేశావా లేదా అని అతను ఆ తర్వాత రెండు మూడుసార్లు అడిగాడు.

పగిలిన సీటు మళ్ళీ ఎవరూ వాడకుండా పట్టీలు కత్తిరించెయ్యడం రమీజా వాళ్ళ పద్ధతి. కత్తెర తీసింది. మనోజ్ఞ లేచి ఆ చెయ్యి పట్టుకుంది. కత్తిరించొద్దనీ, ఇలాగే కావాలనీ, ఎవర్నీ ఇందులో కూర్చోబెట్టనని మాటిస్తున్నాననీ అంది. రమీజా ఆమె మొహంలోకి చూసి కత్తెర లోపల పెట్టేసింది.

కారు దాకా సీటు మోసుకొచ్చింది సుమలతే. వద్దన్నా వినలేదు. డిక్కీలో పెట్టాక కాసేపు అక్కడే నిలబడింది.

"నాకు సీటు లేకున్న మాయె అక్కా. మా ఆయన కొత్తది కొంటడు. నువ్వు ఇంటికి పోయినంక నాకు ఫోన్ చెయ్యి. బండి పైలంగ నడుపు."

ఆ దారంతా ఎలా వచ్చిందో మనోజ్ఞకి తెలీదు. జుమ్మా నమాజు అయిపోయి రోడ్లన్నీ కార్లతో నిండిపోయాయి. వెనకున్నవాళ్ళు హారన్ కొట్టేదాకా సిగ్నల్ మారిందని కూడా గమనించలేదు.

ఇంట్లో నిరంజన్ అమ్ముకి పెరుగన్నం పెడుతున్నాడు. ముద్ద ముద్దకీ ఒక విమానం కథ చెబుతున్నాడు. పాప పకపకా నవ్వుతోంది. రోజూ చూసి మురిసిపోయే ఆ దృశ్యం ముందు మనోజ్ఞ ఒక్క నిమిషం ఆగింది. తర్వాత తొడుగు లేని సీటుని తెచ్చి, భోజనాల బల్ల మీద, అతని ఎదురుగా పెట్టింది.

నిరంజన్ చేతిలో ముద్ద గిన్నెలోకి జారింది.

"ఇది పారెయ్యమన్నాను కదా మనూ" అన్నాడు.

అమ్ము మూతి కడిగి, పడగ్గదిలో బొమ్మల ముందు కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది మనోజ్ఞ. కేక వెయ్యలేదు, ఏడవలేదు. రమీజా చెప్పిందంతా వరసగా చెప్పింది. తెల్లబడ్డ ప్లాస్టిక్ మీద వేలు పెట్టి చూపించింది. నిరంజన్ మొదట ఒప్పుకోలేదు. బాల్కనీలో ఏదో బరువైనది మీద పడి ఉంటుందన్నాడు. రమీజాకి మనుషుల్ని భయపెట్టడం అలవాటన్నాడు. అందుకే ఈ శిక్షణా గిక్షణా వద్దన్నానన్నాడు.

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక దాని అర్థం ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పోయిన వారం అన్నం ముందు నుంచి ఎందుకు లేచిపోయాడో మనోజ్ఞకి ఇప్పుడు బోధపడింది. ఇన్నాళ్ళూ పరువు అనుకుంది. పరువు కాదు, భయం. ఆ పని నేర్చుకుంటే ఆమె ఈ సీటుని చదివేస్తుందని భయం.

"నా కళ్ళలోకి చూసి చెప్పండి. అమ్ము ఇందులో ఉందా లేదా?"

నిరంజన్ కుర్చీలో వెనక్కి వాలాడు. సీటు వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆరోజు పాపని అలా తిప్పి తీసుకొద్దామని బయల్దేరాట్ట. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతూ ఉండగా రౌండెబౌట్ దగ్గర ముందు పోతున్న పికప్ గబుక్కున ఆగింది. బ్రేకు వేశాడు గానీ అందలేదు. కారు ముందుభాగం నలిగిపోయింది. ఏసీ చెడిపోయిందని చెప్పి కారు కొన్నాళ్ళు గ్యారేజీలో పెట్టింది అందుకే. అమ్ము గుక్కపట్టి ఏడ్చింది. దగ్గర్లోని క్లినిక్‌కి పరిగెత్తుకెళ్ళి చూపిస్తే ఏం ఫరవాలేదన్నారు. ఇంటికొచ్చేసరికి ఆడుకుంటోంది. పరీక్ష రాస్తున్న మనిషిని కంగారు పెట్టడమెందుకు, సాయంత్రం నింపాదిగా చెబుదామనుకున్నాడు.

ఆ సాయంత్రమే చొక్కా విప్పింది మనోజ్ఞ.

నేను నోరు తెరిచేలోపే నువ్వు కనీజ్ మీద పడిపోయావు, ఆ ఆవేశంలో నిజం చెబితే ఏమంటావోనని భయమేసింది, తెల్లారాక చెబుదామనుకున్నాను, తెల్లారేసరికి నువ్వు ఆమెని పంపించెయ్యాలని తీర్మానించేశావు అన్నాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే మనోజ్ఞ ఆ భుజం మీద చెయ్యి వేసేది. ఇప్పుడు ఆ చెయ్యి లేవలేదు.

"గుమ్మంలో నిలబడి చూశావు నువ్వు" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతన్ని ఎప్పుడూ ఏకవచనంతో పిలవలేదు. నిరంజన్ తలెత్తాడు.

"ఆవిడ నీ వైపే చూసింది. నువ్వు చెబుతావని చూసింది. నేను పిచ్చిదానిలా అరుస్తుంటే, ఆవిడ బట్టలు సర్దుకుంటుంటే, ఎయిర్‌పోర్టుకి నువ్వే తీసుకెళ్ళి దింపావు. దారిలో అయినా సిగ్గేయలేదా?"

జవాబు కోసం ఆగకుండా మనోజ్ఞ వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగింది. మొగుడిది ఒక పాపమైతే తనది ఇంకో పాపం. చారల్ని చూసింది తను. చదువుకున్నది తను. ఎలా పడ్డాయని ఎవర్నీ అడక్కుండా, పక్కన నిలబడ్డ మనిషి మీదకి తోసేసింది కూడా తనే. పిల్లని పట్టుకుని కాపాడిన బెల్టు గుర్తు చూసి, పిల్లని పెంచిన చేతుల్ని దొంగచేతుల్లా చూసింది.

అక్కడే నిలబడి ఫోన్ తీసి రమీజాకి ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఎక్కువేం చెప్పలేదు. వస్తున్నాను, నా పేరు రాసుకోండి అంది. వారం రోజులుగా తెగని సంగతి అంత తేలిగ్గా తెగిపోయింది. ఉద్యోగం కోసం కాదు, జీతం కోసం అసలే కాదు. బిడ్డ ఒంటి మీద ఒక గుర్తు కనిపిస్తే అది దేని గుర్తో తెలియకుండా ఇంక బతకలేననిపించింది. ఇలాంటి గుర్తు పట్టుకుని ఇంకో ఇంట్లో ఇంకో ఆడమనిషిని బయటికి గెంటేస్తుంటే, ఆగండి అని చెప్పేవాళ్ళు ఒక్కరుండాలి.

గుమ్మంలోకి వచ్చిన నిరంజన్ ఆ మెసేజ్ విన్నాడు. ఆదివారం నుంచి నువ్వు వెళితే అమ్ముని ఎవరు చూసుకుంటారన్నాడు మెల్లగా.

"నువ్వు" అంది మనోజ్ఞ.

అతను తలూపాడు. ఇందాకటి నుంచీ అతను వాదించకుండా ఒప్పుకున్న మొదటి మాట అదే. దాంతో అయిపోయిందనుకున్నాడేమో, బల్ల మీది సీటు తీసి పక్కన పెట్టబోయాడు. మనోజ్ఞ ఆపింది. కూర్చో, ఇంకొకళ్ళతో మాట్లాడాలి అంది.

ఎవరితోనో అతనికి అర్థమైంది. మొహంలో రంగు మారింది. ఈరోజు వద్దు మనూ, రేపు నేనే విడిగా ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు. డబ్బేమైనా పంపిద్దామన్నాడు. ఇంత కాలం గడిచాక ఆమె పాత గాయం రేపడం మంచిది కాదన్నాడు. మనోజ్ఞ ఏదీ వినిపించుకోలేదు. కనీజ్ నంబరు ఫోన్‌లో ఇంకా ఉంది. ఎందుకు చెరిపెయ్యలేదో ఆమెకే తెలీదు. స్పీకర్ పెట్టి, ఫోన్‌ని సీటు పక్కనే పెట్టింది. క్షమించమని ఇద్దరం కలిసి అడగాలి, నువ్వు ముందు అడగాలి అంది.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా అవతల్నుంచి మనుషుల సందడి, కుక్కర్ కూత, ఆ తర్వాత తెలిసిన గొంతు.

"మేడం? పాప మంచిగున్నదా మేడం?"

అన్నిటికన్నా ముందు అదే అడిగింది. మనోజ్ఞ గట్టిగా కళ్ళు మూసుకుంది. పాప బాగుందనీ, ఇప్పుడు పాటలు పాడుతోందనీ చెప్పింది. తర్వాత ఆగి ఆగి, సీటు సంగతీ, కారు గుద్దిన సంగతీ, నిరంజన్ అంతా ఒప్పుకున్నాడనీ చెప్పింది. నిన్ను అన్యాయంగా పంపించేశాం కనీజ్ అంటూ ఏడ్చేసింది. నిరంజన్ వైపు చూసింది, ఇప్పుడు నువ్వు మాట్లాడు అన్నట్టు. అతను పెదవులు తడుపుకున్నాడు.

అవతల కనీజ్ ఎక్కడికో నడిచివెళ్ళి తలుపు వేసుకున్న చప్పుడయింది.

"సాబ్ అంతా చెప్పిండ్రా మేడం?"

అంతా చెప్పాడంది మనోజ్ఞ. ఫోన్ మాట్లాడుతూ పికప్‌ని గుద్దేశానని తనే ఒప్పుకున్నాడంది.

"సాబ్ అట్ల చెప్పిండ్రా?" కనీజ్ గొంతులో కోపం లేదు. ఆశ్చర్యముంది, కొంచెం జాలి కూడా ఉంది. "వెనక సీట్ల పాప పక్కన నేనే కూసున్న మేడం. నా కండ్లతోని చూసిన. నోరు తెరవనని సాబ్‌కు కసం తిన్న గాబట్టి ఇన్నొద్దులు ఊకున్న. ఇప్పుడు మీరు ఏడుస్తుంటే నాకు పానం ఆగుతలేదు. సాబ్‌ను ఏమనకుండ్రి మేడం. ఆ దినం బండి నడిపింది సాబ్ కాదు, సాబ్‌తోని వచ్చిన ఇంకో మేడం."

మనోజ్ఞ తేరుకునేసరికి, నిరంజన్ చెయ్యి ఫోన్ మీదకి వచ్చేసింది. లైను తెగిపోయింది.